విదేశీ ట్రైనర్లతో ఐదు రోజుల వర్క్‌షాప్ పెట్టించాలా?

మీ ప్రశ్నను నాకు అర్థమైనంతలో ఒకసారి చెప్తాను. మీరు ఉమ్మడి ప్రకాశం జిల్లాలో మార్కాపురం వైపు ఒక స్కూల్ కాంప్లెక్స్ (చుట్టుపక్కల బడుల సముదాయం) హెచ్‌ఎం. మీ బడిలో చదువుకుని ఇంగ్లండ్‌లో స్థిరపడిన పూర్వ విద్యార్థి ఒకాయన, అక్కడి యూనివర్సిటీ నుంచి ఇద్దరు ట్రైనర్లను పిలిపించి, వేసవి సెలవుల్లో మండలంలోని టీచర్లందరికీ ఐదు రోజులు శిక్షణ ఇప్పిస్తానంటున్నారు. పది లక్షల దాకా ఖర్చు ఆయనే పెట్టుకుంటారు. దీనివల్ల నిజంగా ఉపయోగం ఉంటుందా, ఉంటే ఎలా ఏర్పాటు చేసుకోవాలి, మన టీచర్లే విదేశాలకు వెళ్లి నేర్చుకునే దారులేమైనా ఉన్నాయా అని అడిగారు.

ముందు సూటిగా చెప్తాను. సాయానికి ఒప్పుకోండి, ఐదు రోజుల వర్క్‌షాప్‌కి మాత్రం ఒప్పుకోకండి. అదే డబ్బుతో పదిమంది టీచర్ల క్లాసుల్లోకి ఏడాది పొడుగునా ఎవరో ఒకరు వెళ్లి కూర్చునే ఏర్పాటు చేయమని అడగండి. విదేశీ ట్రైనర్లు రావచ్చు, వస్తే మంచిదే. కానీ బడులు నడిచే రోజుల్లో రావాలి, నేరుగా తరగతి గదిలోకి రావాలి.

నేను నెల్లూరు జిల్లాలో ఎస్జీటీగా, అంటే ప్రాథమిక తరగతుల టీచరుగా చేరి, రిసోర్స్ పర్సన్‌గా మండలాలు తిరిగి, తర్వాత డైట్‌లో (జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థలో) పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. బయటి దేశాల డబ్బుతో నడిచిన శిక్షణల్లో బెంచీ మీద కూర్చుని విన్నాను, బోర్డు దగ్గర నిలబడి చెప్పాను కూడా. ఆ అనుభవంతోనే ఈ మాట అంటున్నాను.

మన దగ్గర ఇదేం కొత్త సంగతి కాదు. బ్రిటన్ ప్రభుత్వ సాయంతో 1980లలో చిన్నగా మొదలై తర్వాత రాష్ట్రమంతా పాకిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకాన్ని మేం ఏపెప్ అనేవాళ్లం. మీ సీనియర్లు ఎవరైనా ఉంటే అడగండి, ఆ ఆరు సూత్రాలు ఇప్పటికీ అప్పజెప్తారు. పిల్లలు చేసి నేర్చుకోవాలి, ఒంటరిగానూ గుంపుగానూ పని చేయాలి, చుట్టూ ఉన్న పరిసరాలే పాఠం కావాలి, పిల్లల పని గోడల మీద కనిపించాలి, ఇట్లా ఉండేవి. ఆ తర్వాత డీపీఈపీ, అంటే జిల్లా ప్రాథమిక విద్యా కార్యక్రమం. అది కూడా మన రాష్ట్రంలో మొదట బ్రిటన్ సాయంతోనే వచ్చింది, ముందుగా అడుగుపెట్టిన జిల్లాల్లో నెల్లూరు ఒకటి. ఈ మధ్య 2021లో ప్రపంచ బ్యాంకు 25 కోట్ల డాలర్ల రుణంతో ప్రభుత్వ బడుల్లో చదువు మెరుగుపరిచే సాల్ట్ పథకం వచ్చింది, అది మీకు నాకంటే బాగా తెలుసు.

ఏపెప్‌లో ఏం మిగిలింది, ఏం పోయింది అన్నది మీ ప్రశ్నకు దగ్గరి విషయం. మిగిలింది గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకు కట్టిన తాడు, దానికి వేలాడే పిల్లల బొమ్మలు, నలుగురేసి గుండ్రంగా కూర్చోవడం. పోయింది అసలు సంగతి. పిల్లలు గుండ్రంగా కూర్చునేవాళ్లు గానీ జవాబు మాత్రం సారే చెప్పేవారు, వీళ్లు రాసుకునేవాళ్లు. రూపం దిగింది, ఆలోచన దిగలేదు. దీనికి టీచర్లను తిట్టడం తేలిక. కానీ పైనుంచి జిల్లాకు, జిల్లా నుంచి మండలానికి, అక్కడి నుంచి బడికి చెప్పుకుంటూ వచ్చే శిక్షణ అంతే. సాగర్ కుడి కాలువ నీళ్లు దర్శి దాటి చివరి ఆయకట్టుకు చేరేసరికి ఎన్ని మిగులుతాయో ప్రకాశం జిల్లా వాళ్లకు నేను చెప్పాలా?

ఆ పథకంలో నాకు బాగా నచ్చింది టీచర్ సెంటర్లు. చుట్టుపక్కల ఊళ్ల టీచర్లు ఒక బడిలో కలిసి, ఒకరు పాఠం చెప్తే మిగతావాళ్లు చూసి, మాట్లాడుకునేవాళ్లు. ఇప్పుడు మీరు నడిపే కాంప్లెక్స్ మీటింగ్ దాని వారసురాలే. సర్క్యులర్లు చదవడానికీ యాప్‌లో ఫొటోలు ఎక్కించడానికీ సరిపోతోంది గానీ, ఆ మీటింగ్ అనేదొకటి మీ చేతిలో ఉంది. అది చాలా పెద్ద ఆస్తి. ఏ విదేశీ సంస్థా దాన్ని డబ్బు పెట్టి కొనలేదు.

ఇక రుజువుల సంగతి. దక్షిణాఫ్రికాలో ఒక ప్రయోగం జరిగింది. పిల్లలకు వాళ్ల ఇంటి భాషలో చదవడం నేర్పే టీచర్లను రెండు జట్లు చేశారు. రెండు జట్లకూ ఒకే పాఠ ప్రణాళికలు, ఒకే సామగ్రి. ఒక జట్టును ఒకచోటికి పిలిచి శిక్షణ ఇచ్చారు. రెండో జట్టు దగ్గరికి మాత్రం కోచ్‌లు నెల నెలా బడికే వెళ్లి, క్లాసులో కూర్చుని సాయం చేశారు. రెండేళ్ల తర్వాత పిల్లల చదువులో కోచ్‌లు వెళ్లిన జట్టుకు వచ్చిన లాభం, హాల్లో శిక్షణ పొందిన జట్టుకంటే ఇంచుమించు రెట్టింపు. అక్కడే తర్వాత ఇంకో ప్రయోగంలో కోచ్‌లు బడికి వెళ్లకుండా ట్యాబ్, ఫోన్ ద్వారా మాట్లాడితే ఎట్లా ఉంటుందో చూశారు. మొదటి ఏడాది రెండూ సమానంగానే కనిపించాయి. మూడేళ్లు గడిచేసరికి మనిషి వెళ్లిన బడులే ముందున్నాయి. మీ పూర్వ విద్యార్థి "అన్నీ ఆన్‌లైన్‌లో పెట్టేద్దాం మేడమ్, ఖర్చు తగ్గుతుంది" అంటే ఈ సంగతి చెప్పండి.

మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే జరిగిన ఇంకొకటి ఉంది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు పల్లె బడుల్లో ఏళ్ల తరబడి చేసిన అధ్యయనాల్లో ఒకటి 2010లో అచ్చయింది. పిల్లలకు పరీక్ష పెట్టి, ఎవరికి ఏం రాదో వివరంగా రాసిన నివేదికలు టీచర్లకిచ్చారు, వాటిని ఎట్లా వాడుకోవాలో కూడా చెప్పారు. పరిశీలకులు క్లాసుకు వచ్చినప్పుడు ఆ టీచర్లు మిగతావాళ్లకంటే ఎక్కువ కష్టపడుతున్నట్టే కనిపించారు. ఏడాది చివర పిల్లల మార్కుల్లో మాత్రం తేడా లేదు. కాగితం ఒక్కటే పని చేయదని తేలింది. అదే పరిశోధనలో టీచర్లకు బోనస్ ఇచ్చిన బడుల్లో మార్కులు పెరిగాయి, అది వేరే చర్చ, ఇక్కడ ఎత్తుకుంటే సంఘాల వాళ్లు నా మీదికొస్తారు.

సరే, మరి విదేశీయులు ఎందుకు? కోచ్‌లు మనవాళ్లే ఉండొచ్చు కదా అని మీకు అనిపించొచ్చు. నేను చూసిన ఒక సంగతి చెప్తాను.

ఇంగ్లండ్ నుంచి వాలంటీర్‌గా వచ్చిన ఒక గణితం టీచరమ్మ కొన్ని వారాలు మాతో ఉన్నారు. ఆవిడకు తెలుగు ఒక్క ముక్క రాదు. కోవూరు దగ్గర ఒక ప్రాథమిక పాఠశాలలో ఐదో తరగతికి భిన్నాల పాఠం. మూడో వంతు పెద్దదా, నాలుగో వంతు పెద్దదా? పిల్లలు సహజంగానే నాలుగో వంతే అన్నారు. "నాలుగు పెద్ద నంబర్ గదా సార్." టీచరు మంచివాడు, కాగితం పట్టీలు మడతపెట్టించాడు. చూడ్డానికి వచ్చిన మేమంతా ఏం చేశామంటే, టీచరు వైపు చూస్తూ, బోర్డు మీద ఏం రాశాడో, ఎంత గట్టిగా మాట్లాడాడో నోట్ చేసుకున్నాం. మధ్యలో ఒకరిద్దరు ఆగలేక లేచి పిల్లల కాగితాలు సరిచేశారు కూడా.

ఆవిడ మాత్రం పాఠమంతా ఒకే పిల్ల పక్కన నేల మీద కూర్చున్నారు. మాటలు అర్థం కావు కాబట్టి ఆ పిల్ల చేతులే చూశారు. ఆ పిల్ల రెండు పట్టీలు రెండు వేరే పాత న్యూస్ పేపర్ల నుంచి చింపుకుంది. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. పొట్టిదాన్ని మూడు మడతలు, పొడుగుదాన్ని నాలుగు మడతలు పెట్టి పక్కపక్కన ఉంచి చూసుకుంది. నాలుగో వంతే పొడుగ్గా ఉంది! తను అన్నదే నిజమని రుజువు దొరికింది. టీచరు "మూడో వంతే పెద్దది, అందరూ రాసుకోండి" అన్నప్పుడు ఆ పిల్ల రాసుకుంది, కానీ ఒకసారి పట్టీల వంక, ఒకసారి బోర్డు వంక చూసిందట. మేం పదిమందిమి ఉండి ఒక్కరమూ చూడలేదు.

సాయంత్రం మాట్లాడుకునేటప్పుడు ఆవిడ టీచరు బాగా చెప్పాడా లేదా అన్న ఊసే ఎత్తలేదు. ఆ రెండు పట్టీలూ బల్ల మీద పెట్టి, ఈ పిల్ల ఇప్పుడు ఏమనుకుంటోంది, రేపు ఏం చేద్దాం అని అడిగారు. గంటసేపు దాని మీదే చర్చ. మర్నాడు పాఠం మారింది. ముందు అందరికీ ఒకే కొలత పట్టీలు, ఆ తర్వాత కావాలనే వేరే వేరే కొలతలవి ఇచ్చి, ఎందుకు తేడా వస్తోందో పిల్లలనే కనిపెట్టమన్నాం. మొత్తం ఒకటే అయితేనే భాగాలను పోల్చగలమన్నది పిల్లల నోటినుంచే వచ్చింది.

మనవాళ్లు ఇది చేయలేరా అంటే చేయగలరు. కానీ మన వ్యవస్థలో క్లాసుకు వచ్చి కూర్చునేవాడు చెకింగ్‌కి వచ్చినవాడే. మండల విద్యాధికారి (ఎంఈవో) అయినా, జిల్లా విద్యాధికారి (డీఈవో) ఆఫీసు నుంచి వచ్చినా, చివరికి పక్క బడి హెచ్‌ఎం వచ్చినా సరే, టీచరుకు లోపల టెన్షన్ మొదలవుతుంది. ఆ బయటి మనిషికి పై అధికారి ఏటా మన మీద రాసే ఏసీఆర్ నివేదికతో, బదిలీలతో, సంఘాలతో, దేనితోనూ సంబంధం లేదు. అందుకే ఆవిడ అడిగితే అది ఎంక్వైరీ కాలేదు, మామూలు ప్రశ్నే అయింది. విదేశీ భాగస్వామి నుంచి మనం తీసుకోవాల్సింది ఈ చూపు, ఈ అలవాటు. భిన్నాలు ఎట్లా చెప్పాలో మనకు వాళ్లు నేర్పక్కర్లేదు.

జపాన్‌లో టీచర్లు ఇలా కలిసి ఒక పాఠం తయారు చేసి, ఒకరు చెప్తుంటే మిగతావాళ్లు పిల్లలను గమనించి, తర్వాత కూర్చుని పాఠాన్ని మార్చుకోవడం వంద ఏళ్లకు పైగా ఉన్న పద్ధతి. జపాన్ ప్రభుత్వ సహకార సంస్థ జైకా దాన్ని ఇండోనేషియా, జాంబియా లాంటి దేశాలకు తీసుకెళ్లింది. అక్కడ కూడా పుస్తకంగా ఇచ్చిన చోట కాకుండా, నెల నెలా కూర్చునే అలవాటుగా మారిన చోటే నిలబడింది. మీకు కాంప్లెక్స్ మీటింగ్ ఉందని పైన ఎందుకన్నానో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

ఐదు రోజుల వర్క్‌షాప్‌ల సంగతి కూడా చెప్పాలి. అట్లాంటిదొకటి దగ్గరుండి చూశాను. ఏ సంస్థో చెప్పను. నెల్లూరులో ఏసీ హాలు, మంచి భోజనం, చార్టులు, స్కెచ్ పెన్నులు, ఆటలు. వచ్చినవాళ్లు నిజాయితీగా కష్టపడ్డారు. ఇబ్బంది ఏమిటంటే, వాళ్లు తెచ్చిన పాఠాలన్నీ ఒక గదిలో ఒక తరగతి, ఒక టీచరు ఉంటారన్న లెక్కలో తయారైనవి. ఉదయగిరి వైపు నుంచి వచ్చిన ఒక టీచరు లేచి, "మాది ఏకోపాధ్యాయ పాఠశాల, ఒకటి నుంచి ఐదు దాకా ఒకే గదిలో ఉంటారు, ఈ కృత్యం చేసేటప్పుడు మిగతా నాలుగు తరగతుల వాళ్లను ఏం చెయ్యమంటారు?" అని అడిగింది. అనువాదం చేస్తున్నాయన ఆ ప్రశ్నను మర్యాదగా కుదించి చెప్పాడు. జవాబు కూడా అంతే మర్యాదగా వచ్చింది. చివరి రోజు సర్టిఫికెట్లు, గ్రూప్ ఫొటో. ఆ చార్టులు తర్వాత చాలా బడుల్లో బీరువా పైన చుట్టి కనిపించాయి.

ఇప్పుడు మీ డబ్బు లెక్క. పది లక్షలన్నారు. ఇద్దరు మనుషుల విమానం టికెట్లు, హోటల్, కారు, ఐదు రోజులు అంతమంది టీచర్లకు భోజనాలు, హాలు, కిట్లు అంటే సుమారు అంతా అయిపోతుంది. దాని బదులు ఇట్లా చూడండి. మీ కాంప్లెక్స్‌లో ఇష్టపడి ముందుకొచ్చే పదిమంది టీచర్లను తీసుకోండి. ఇష్టపడి అన్నది ముఖ్యం, ఎవరినీ డెప్యూట్ చేయొద్దు. రిటైరైన మంచి టీచర్లు ఇద్దరిని కోచ్‌లుగా పెట్టుకోండి. పనిలో ఉన్నవాళ్లయితే వాళ్ల బడి ఖాళీ అవుతుంది, అది తప్పు. ఒక్కో టీచరు దగ్గరికి నెలకు రెండుసార్లు వెళ్తే నెలకు 20 సందర్శనలు, ఎనిమిది నెలలకు 160. ఒక్కో సందర్శనకు పెట్రోలు, గౌరవ వేతనం కలిపి వెయ్యి రూపాయలు అనుకున్నా మొత్తం 1,60,000. మిగిలిన దాంతో ఆ యూనివర్సిటీ నుంచి ఒక మనిషి ఏడాదిలో రెండుసార్లు రావచ్చు. బడులు తెరిచాక జులైలో ఒకసారి, సంక్రాంతి సెలవులయ్యాక జనవరిలో ఒకసారి. మధ్యలో ఆయనో ఆవిడో మీ ఇద్దరు కోచ్‌లతో మాత్రం ఆన్‌లైన్‌లో మాట్లాడాలి. పదిమంది టీచర్లనూ సాయంత్రం జూమ్‌లో కూర్చోబెట్టొద్దు, ఇంటికెళ్లి వంట చేసుకోవాల్సిన వాళ్లు కెమెరా ఆపేసి పని చేసుకుంటారు. అందులో వాళ్ల తప్పేం లేదు.

ఒక్క విషయం మీదే పని పెట్టుకోమని కూడా చెప్తాను. మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలు తెలుగు పేరా తడుముకోకుండా చదవడం, లేదా భిన్నాలు, లేదా ఆరో తరగతి పిల్లలు ఇంగ్లిష్‌లో నాలుగు సొంత వాక్యాలు రాయడం. ఏదో ఒకటి. వర్క్‌షాప్ పెట్టేవాళ్లు సాధారణంగా "సమగ్ర వృత్తి వికాసం" అంటారు. జాతీయ విద్యా విధానం 2020 ప్రకారం ప్రతి టీచరుకూ ఏడాదికి 50 గంటల శిక్షణ ఉండాలి. ఆ గంటలు నింపడానికి నిష్ఠ కోర్సులు, దీక్షా యాప్ ఉన్నాయి. మీ పని గంటలు నింపడం కాదు కాబట్టి, మీరు చిన్నదే పెట్టుకోవచ్చు.

టీచ్ టూల్ గురించి మీరు అడగలేదు గానీ, విదేశీ ట్రైనర్ ఆ మాట ఎత్తే అవకాశం ఉంది కాబట్టి చెప్తున్నా. ప్రపంచ బ్యాంకు 2019లో విడుదల చేసిన ఆ పరిశీలన పద్ధతి సాల్ట్‌తో పాటు మన బడుల్లోకి వచ్చింది. పావుగంట చొప్పున రెండుసార్లు క్లాసు చూసి, పిల్లలు ఎంతసేపు పనిలో ఉన్నారో గమనిస్తారు, టీచరు ఆలోచింపజేసే ప్రశ్నలు అడుగుతున్నారా, పిల్లలను గౌరవంగా చూస్తున్నారా అన్నవి ఒకటి నుంచి ఐదు దాకా స్కోరు వేస్తారు. పద్ధతి మంచిదే, నాకు దానితో పేచీ లేదు. కానీ స్కోరు పైకి వెళ్తుందని తెలిసిన క్షణం నుంచి టీచరు ఆ పావుగంట కోసం పాఠం చెప్తారు. మీ కోచ్‌ల నోట్సులో మార్కులు ఉండకూడదు, ఆ నోట్సు ఎంఈవో ఆఫీసుకు వెళ్లకూడదు. ఈ రెండూ టీచర్లకు మొదటి రోజే, వాళ్ల ముందే చెప్పండి. లేకపోతే మొత్తం పని నాటకం అవుతుంది.

భాష సంగతి. ట్రైనర్ ఇంగ్లిష్‌లో మాట్లాడితే మన టీచర్లు తలలూపుతారు, ప్రశ్నలు రావు. అనువాదకుణ్ణి పక్కన నిలబెట్టడం కంటే, మీ కోచ్‌లలో ఒకరు ముందే ఆ ట్రైనర్‌తో కూర్చుని విషయం తేల్చుకుని, తెలుగులో తామే నడపడం మేలు. ట్రైనర్ పక్కన ఉండి చూస్తారు, అవసరమైతే అడుగుతారు. చాలామంది విదేశీయులు దీనికి సంతోషంగానే ఒప్పుకుంటారు.

ఒప్పుకోకపోతే? బేరమాడండి. 2015లో ఐక్యరాజ్యసమితి పెట్టుకున్న సుస్థిర అభివృద్ధి లక్ష్యాల్లో నాలుగోది విద్య. అందులో 4.సి అనే అంశం, టీచర్ల శిక్షణకు అంతర్జాతీయ సహకారం పెంచాలని నేరుగా చెప్తుంది. 2030 నాటికి ప్రపంచానికి ఇంకా 4 కోట్ల 40 లక్షల మంది టీచర్లు కావాలని యునెస్కో లెక్క. అందుకే విదేశీ యూనివర్సిటీలకు ఇలాంటి భాగస్వామ్యాలు చూపించుకోవాల్సిన అవసరం ఉంది, వాళ్ల విద్యార్థులకు అనుభవం కావాలి, పరిశోధనా వ్యాసాలు కావాలి. మనం చేతులు చాచి నిలబడాల్సిన పనిలేదు. మా పిల్లల గురించి రాసేది మాకు ముందు చూపించాలి, తయారైన తెలుగు సామగ్రి మా దగ్గర ఉండాలి అని అడగడం మీ హక్కు.

ఇక అనుమతులు. ఇవి విసుగు పుట్టించేవే గానీ, ఇక్కడ తేడా వస్తే మీ ఉద్యోగానికే ఇబ్బంది. డీఈవో గారి నుంచి రాతపూర్వక అనుమతి లేకుండా విదేశీయులను క్లాసులోకి రానివ్వొద్దు, నోటిమాట చాలదు. వాళ్లు ఏ వీసా మీద వస్తున్నారో, ఆ వీసా ఇలాంటి పనికి చెల్లుతుందో ముందే కనుక్కోమనండి. పిల్లల ఫొటోలు, వీడియోలు తల్లిదండ్రుల అంగీకారం లేకుండా తీయనివ్వొద్దు. అన్నిటికంటే జాగ్రత్త డబ్బు దగ్గర. ఆ పూర్వ విద్యార్థికి ఇంకా భారత పౌరసత్వమే ఉంటే, తన సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. కానీ బ్రిటిష్ పౌరసత్వం తీసుకుని ఉంటే, లేదా డబ్బు నేరుగా యూనివర్సిటీ నుంచి వస్తే, విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) వర్తిస్తుంది. నమోదు లేని పూర్వ విద్యార్థుల సంఘం ఖాతాలో ఆ డబ్బు వేయించుకోకూడదు. ఎఫ్‌సీఆర్ఏ నమోదు ఉన్న ఒక స్వచ్ఛంద సంస్థ ద్వారా ఖర్చు పెట్టించడం సురక్షితం, ఒక ఆడిటర్‌ని అడిగి మరీ చేయండి.

పెద్ద ఒప్పందాలు వస్తాయిలే, మనం ఎందుకు తంటాలు పడటం అనేవాళ్లు మీ స్టాఫ్ రూమ్‌లోనే ఉంటారు. ప్రభుత్వ బడుల కోసం 2023లో టోఫెల్ ఇంగ్లిష్ పరీక్షల ఒప్పందం, 2024 జనవరిలో ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియట్) ఒప్పందం చూశాం, ప్రభుత్వం మారాక అవి ముందుకు సాగలేదు. మండలం స్థాయిలో పదిమందితో చేసుకునే పనికి ఆ గొడవ లేదు.

మీ చివరి ప్రశ్న, విదేశాలకు వెళ్లే దారులు. ఉన్నాయి, మన జిల్లాల నుంచి దరఖాస్తు చేసేవాళ్లే తక్కువ. అమెరికా ప్రభుత్వ ఖర్చుతో నడిచే ఫుల్‌బ్రైట్ టీచింగ్ ఎక్సలెన్స్ అండ్ అచీవ్‌మెంట్ కార్యక్రమం హైస్కూల్ టీచర్లకు, అక్కడి యూనివర్సిటీలో ఆరు వారాలు ఉంటుంది. ఒక సెమిస్టర్ పాటు ఉండే ఇంకో ఫుల్‌బ్రైట్ టీచర్ అవార్డు కూడా ఉంది. రెండూ ఢిల్లీలోని అమెరికా-భారత్ విద్యా సంస్థ యూఎస్‌ఐఈఎఫ్ ద్వారా. జపాన్ ప్రభుత్వం ఉద్యోగంలో ఉన్న టీచర్లకు సుమారు ఏడాదిన్నర శిక్షణ స్కాలర్‌షిప్ ఇస్తుంది. 35 ఏళ్ల లోపు వయసు, ఐదేళ్ల సర్వీసు అడుగుతారు, జపాన్ ఎంబసీ ద్వారా దరఖాస్తు. ఇవి ఏటా ఒకేలా ఉండవు, ఆ ఏడాది ప్రకటన చూసుకునే కదలాలి. ప్రభుత్వ టీచర్లు పాస్‌పోర్టుకు ఎన్‌ఓసీ, విదేశీ ప్రయాణానికి శాఖ అనుమతి ముందుగానే మొదలుపెట్టాలి. ఎంపిక వచ్చాక ఫైలు కదలక అవకాశం జారిపోయిన వాళ్లను చూశాను. దరఖాస్తులో వాళ్లు చూసేది గొప్ప ఇంగ్లిష్ కాదు, మీ క్లాసులో ఒక సమస్య ఏమిటి, దానికి మీరేం చేశారు, పిల్లల్లో ఏం మారింది అన్నది. ఏడాదిపాటు కోచ్‌తో పని చేసిన టీచరు దగ్గర ఆ కథ సిద్ధంగా ఉంటుంది.

దేశం దాటనక్కర్లేకుండా, ఇంగ్లిష్ టీచర్లకు బెంగళూరులోని రీజనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్ కోర్సులు ఉన్నాయి. 1963లో బ్రిటిష్ కౌన్సిల్ సహకారంతో మొదలైన సంస్థ అది. పేర్లు అడిగినప్పుడు మన మండలాల్లో చాలామంది ఇల్లు వదిలి వెళ్లాలని వెనక్కి తగ్గుతారు, మీరు చెప్పి పంపండి. సైన్సు, గణితం వాళ్లకు టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్, అమెరికాలోని ఎంఐటీ కలిసి చేసిన క్లిక్స్ అనే కంప్యూటర్ పాఠాల మాడ్యూళ్లు తెలుగులో కూడా ఉన్నాయి, తెలంగాణ బడుల్లో వాడారు.

మీరు ఆ పూర్వ విద్యార్థికి జవాబు రాసేటప్పుడు వర్క్‌షాప్ వద్దు అని మొదలుపెట్టకండి, నొచ్చుకుంటారు. మీ ట్రైనర్ జులైలో వచ్చి మొదటి మూడు రోజులు మా బడుల్లో పిల్లల పక్కన కూర్చోగలరా అని అడగండి. మైనంపాడు డైట్ వాళ్లను కూడా ఆ రోజుల్లో పిలవండి, వాళ్ల ఛాత్రోపాధ్యాయులకు అది మంచి పాఠం. మీ కాంప్లెక్స్‌లో ఎన్ని ఏకోపాధ్యాయ బడులున్నాయో, ఏ సబ్జెక్టు తీసుకోవాలనుకుంటున్నారో ఇక్కడే రాస్తే, కోచ్‌లు క్లాసులో ఏం రాసుకోవాలో ఒక పేజీ నమూనా తయారు చేసి పెడతాను.